సేబియో ఇంట్లో మరొకరి దిండు

మా దీవిలోని మాగ్సులో అనే ఊళ్లో బాస్కెట్‌బాల్ లీగు మొదలుపెట్టింది నేను. ముప్పై రెండేళ్లు దానికి కమిషనరుగా ఉన్నదీ నేనే. కొబ్బరి మానుకి ఇనుప రింగు కొట్టి మట్టినేల మీద ఆడుకుంటున్న ఆటకి సిమెంటు కోర్టు వేయించాను. పక్కన జనం కూర్చునే బెంచీల మీద రేకుల కప్పు పడేదాకా మునిసిపాలిటీ మెట్లు ఎక్కి దిగాను. చదివింది ఆరో తరగతే. అయినా లీగు నియమాలన్నీ ఎవరి సాయమూ లేకుండా నేనే కట్టాను. చుట్టుపక్కల దీవులవాళ్లు ఇప్పటికీ వచ్చి వాటిని అడిగి పట్టుకుపోతుంటారు. ఇదంతా గొప్పకి చెప్పుకోవడం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. చేసినవే చెబుతున్నాను. ఈ ఊరి ఆట గురించి రాయాల్సినవాణ్ని నేనే కాబట్టి సేబియో గురించి కూడా నేనే రాయాలి.

పూర్తి పేరు ఎవుసేబియో తుములాక్. మా పెద్దవాడి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటినుంచీ మేమిద్దరం ఒకరినొకరం ‘పారే’ అనే పిలుచుకుంటాం. కుర్రవాళ్లందరికీ అతను నోంగ్ సేబియో, అంటే సేబియో అన్న. రేవు వాడ జట్టుకి ఇరవై ఏళ్లకి పైగా కోచ్‌గా ఉన్నాడు. బతుకుతెరువు ఐసు. పట్నంనుంచి పొద్దున్నే పడవలో ఊకలో పొదిగిన ఐసు దిమ్మలు వస్తాయి. వాటిని దించి, తన కొట్టంలో దాచి, వేటకి పోయే పడవలవాళ్లకి కొట్టి ఇస్తాడు.

భార్య రికార్దా పెళ్లయిన కొద్ది ఏళ్లకే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి చేసుకోమని నేనే రెండు సంబంధాలు చూశాను. నవ్వి ఊరుకున్నాడు.

నేను కట్టిన నియమాల్లో పేరు పడింది ఒకటుంది. అది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. మొదట్లో ఎవడు ఏ వాడ మనిషో తేల్చలేక తలలు పగిలేవి. పుట్టింది గుట్ట వాడలో, పెళ్లాం రేవు వాడలో, పని చేసేది గుడి వాడలో. ఆట బాగా ఆడేవాడైతే మూడు వాడలూ మావాడే అనేవి. నేను ఒక్క మాటతో తేల్చేశాను. లీగు జరిగే నెలలో నీ దిండు ఏ వాడలో ఉంటే నువ్వు ఆ వాడ ఆటగాడివి. మధ్యలో దిండు మారిస్తే జట్టు కూడా మారినట్టే. అంతే. ఆ రోజునుంచి లీగు నెలలో ఎవరైనా చంకలో దిండుతో వీధిలోకి వస్తే ఊరంతా పని ఆపి చూసేది.

ఈ నియమం వల్ల ఎక్కువ లాభపడింది సేబియో. లాభమంటే కప్పుల సంగతి కాదు. పట్నంలో పనిచేసే కుర్రవాళ్లు లీగుకని సెలవు పెట్టుకుని వచ్చేవారు. వాళ్ల ఇళ్లలో పడుకోవడానికి చోటుండేది కాదు. దిళ్లు తెచ్చి సేబియో ఇంట్లో పడేసేవారు. ఆ నెలంతా ఆ ఇంటి గుమ్మంలో చెప్పులు కుప్పలుగా ఉండేవి. పెద్ద కుండతో అన్నం వండేవాడు. ఎండుచేపలు, మునగాకు పులుసు, దానిమీదికి వాళ్ల తగువులు. ‘నా తువ్వాలు ఎవడు వాడాడు’ అనే దగ్గర మొదలై ‘నువ్వు నాకెందుకు పాస్ ఇవ్వలేదు’ అనే దగ్గరికి వచ్చేవి. సేబియో మధ్యలో కూర్చుని చేప ముళ్లు తీసుకుంటూ వినేవాడు. మిగతా పదకొండు నెలలూ అతను ఎవరితో మాట్లాడేవాడో నాకు తెలియదు.

కోచ్‌గా అతని గొప్పతనం ఆట నేర్పడంలో లేదు. ఆట మా కుర్రవాళ్లకి నడక రాకముందే వస్తుంది. అతనికి తెలిసింది కోపాల సంగతి. ఏ కోచ్ అయినా ఇద్దరు ఆటగాళ్లు కొట్టుకుంటే తిడతాడు, లేదా ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెడతాడు. సేబియో ఆ ఇద్దర్నీ మర్నాడు పొద్దున్నే రేవు దగ్గరికి రమ్మనేవాడు. పదేళ్ల పిల్లవాడంత పొడుగున్న ఐసు దిమ్మని గోనెసంచిలో పెట్టి, ఒక కొస ఒకడికి, రెండో కొస రెండోవాడికి ఇచ్చేవాడు. పడవ దగ్గరనుంచి కొట్టందాకా ఇసుక, తర్వాత రాతిమెట్లు, తర్వాత సన్నటి సందు. దించకూడదు, పగులుతుంది. నిలబడకూడదు, కరుగుతుంది. మాట్లాడుకోకుండా నడవడం కుదరదు. ‘ఎత్తు’, ‘ఆగు’, ‘మెట్టుంది’ అనైనా అనాలి. వెనకాల నడుస్తూ సేబియో మాత్రం నోరు మెదిపేవాడు కాదు. కోడిపుంజు విషయంలో రెండేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ సందులో మాట్లాడుకున్నారు. రెఫరీ చెంప పగలగొట్టినవాడు ఆ రెఫరీతోనే దిమ్మ మోశాడు. ఇది నేను కళ్లారా చూశాను. ఆ జట్టు ఎన్నిసార్లు కప్పు గెలిచిందో చెప్పమంటే చెప్పగలను గానీ, ఎన్ని ఇళ్లలో మాటలు కలిపిందో చెప్పలేను.

తర్వాత ఊరు మారింది. అందరికీ సిమెంటు గదులు వచ్చాయి. పట్నం పడవలు వేగం పుంజుకున్నాయి. కుర్రవాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లే పడుకోసాగారు. సేబియో ఇంటికి దిళ్లు రావడం తగ్గి, తగ్గి, ఆగిపోయింది. లీగు నెలలో కూడా అతని గుమ్మంలో ఒక్క జత చెప్పులే ఉండేవి.

అలా కొన్నేళ్లు గడిచాక వచ్చిన లీగు ఇది.

ఆ ఏడు రేవు వాడ జట్టుకి ఇద్దరే దిక్కు. ఒకడు డియోనెల్, పడవ యజమాని, గొంతు పెద్దది, ఊపు పెద్దది. రెండోవాడు అతని బావ ఆర్నుల్ఫో. నుల్ఫ్ అంటారు. పుట్టింది గుట్ట వాడలో. డియోనెల్ అక్క గ్లెసిల్‌ని చేసుకుని, అత్తవారింట్లోనే ఉంటూ, బావమరిది పడవ మీదే వేటకి పోతాడు. గ్లెసిల్ పెళ్లికి ముందు లీగు ఊరేగింపులో రేవు వాడ రాణిగా నడిచిన పిల్ల. నుల్ఫ్ అప్పట్లో ఎదుటి జట్టులో ఉండి ఆమెని చూస్తూ తన వరస తప్పి నడిచాడని ఇప్పటికీ నవ్వుతారు. నుల్ఫ్ ఎక్కువ మాట్లాడడు. చేతిలో బంతి పడితే మాత్రం రింగుకి ప్రాణం వచ్చినట్టుంటుంది.

సెమీఫైనల్ గుడి వాడతో. సాయంత్రం ఎండ ఇంకా రేకుల మీద ఉంది. నుల్ఫ్ రింగు కింద ఒంటరిగా నిలబడి చెయ్యెత్తాడు. డియోనెల్ చూశాడు. చూసి కూడా ఇవ్వలేదు. తనే విసిరాడు, పోయింది. రెండోసారి అంతే. మూడోసారి బంతి నుల్ఫ్ చేతికి వస్తే, దాన్ని తీసుకెళ్లి జనంలోకి కొట్టాడు. కొబ్బరికాయల గంప మీద పడింది. టైమౌట్ ఇచ్చారు. డియోనెల్ నీళ్లు తాగడానికి మేము స్కోరు రాసే బల్ల దగ్గరికి వచ్చాడు. నుల్ఫ్ వెనకాలే వచ్చి, “కళ్లు కనబడట్లేదా నీకు?” అన్నాడు.

డియోనెల్ సీసా కింద పెట్టి, “మా ఇంటి అన్నం తింటూ నాకే కళ్ల సంగతి చెబుతావా?” అన్నాడు.

బల్ల మీద స్కోరు చెప్పే మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట కోర్టు మీదనుంచి, స్తంభాల మీది లౌడు స్పీకర్లలోంచి, రేవుదాకా, గుట్టదాకా పోయింది. గుట్ట మీద నుల్ఫ్ తల్లి గిన్నెలు తోముకుంటూ విందట.

నుల్ఫ్ చొక్కా విప్పి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. రేవు వాడ ఆ ఆట ఎలాగో గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫైనల్ గుట్ట వాడతో. పునీత రఫాయెల్ పండుగ ముందు రోజు. మధ్యలో తొమ్మిది రోజుల ప్రార్థనలు.

మర్నాడు మధ్యాహ్నం నుల్ఫ్ వీధిలోకి వచ్చాడు. ఒక చంకలో చుట్టిన చాప, రెండో చంకలో పువ్వుల గలీబు దిండు. కొట్టు దగ్గర కల్లు తాగుతున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

“దిండు ఎటు?”

“ఇంకెటు, గుట్ట వైపే.”

“అయితే ఫైనల్లో రేవు వాడకి వాళ్ల అల్లుడే శత్రువన్నమాట.”

“అల్లుడు కాదురా, అన్నం తిన్నవాడు అను. స్పీకర్లో విన్లేదా?”

కొట్టావిడ ఆ మాటన్నవాడి చేతిలో గ్లాసు లాక్కుని, “తాగింది చాలు, ఇంటికి పో,” అంది.

గుట్ట దారి చీలే చోట సేబియో ఐసు బండితో నిలబడి ఉన్నాడు. నేను కొంచెం దూరంలో ఉన్నాను. నిష్పక్షపాతంగా ఉండాలి కాబట్టి దగ్గరికి వెళ్లలేదు. కానీ ప్రతి మాటా వినబడింది.

“ఎక్కడికి, డోంగ్?” అన్నాడు సేబియో. చిన్నవాళ్లని అలాగే పిలుస్తాం.

“మా అమ్మ దగ్గరికి.”

“మంచిదే. దిండెందుకు? మీ అమ్మ దగ్గర దిళ్లు లేవా?”

“నవ్వించకండి నోంగ్. నవ్వే స్థితిలో లేను.”

“నవ్వించట్లేదు. ఈ మూల దాటావంటే ఎదుటి జట్టులో పడతావు. పడితే పడు, అది నీ ఇష్టం. కానీ కోపంతో పడితే పండుగయ్యాక గ్లెసిల్ మొహం చూడలేవు. ఇవాళ్టికి మా ఇంట్లో పెట్టు. నీకింకా ఎక్కాలని ఉంటే రేపు ఎక్కు. గుట్ట ఎక్కడికీ పోదు.”

గుట్ట మీదినుంచి ఎవరో అతని పేరు పెట్టి కేక వేశారు. నుల్ఫ్ వెనక్కి తిరిగి సేబియో బండి మీద చాప పెట్టాడు. దిండు మాత్రం చంకలోనే ఉంచుకున్నాడు.

అలా ఎన్నో ఏళ్ల తర్వాత సేబియో ఇంట్లో మరొకరి దిండు చేరింది.

రెండు రోజులయ్యాక, దిండు ఎక్కడుందో చూసి రావడం నా బాధ్యత కాబట్టి, వాళ్లింటికి వెళ్లాను. ఇల్లు ఊడ్చి ఉంది. కిటికీకి గుడ్డ కట్టి ఉంది. పొయ్యి మీద పెద్ద కుండ. సేబియో గొంతు వాకిట్లోకే వినబడుతోంది. అతను అంత మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. రికార్దాని మొదటిసారి ఎక్కడ చూశాడో చెబుతున్నాడు. నాకే చెప్పని సంగతి అది.

“రా పారే, దిండు చూసుకుంటావా? అదుగో, మూలన. పారిపోలేదు,” అన్నాడు.

నుల్ఫ్ వల అల్లుతూ కూర్చుని ఉన్నాడు. “పండుగయ్యాక సెబూ నగరం పోతున్నాను, కమిషనర్ గారూ,” అన్నాడు. “అక్కడ మేడలు కట్టే పనిలో మా చినమామ కొడుకున్నాడు. ఇక ఆ ఇంటి గుమ్మం ఎక్కను.”

“మరి గ్లెసిల్?”

నుల్ఫ్ వల ముడి బిగించాడు. సేబియో అందుకున్నాడు. “సెబూ ఎందుకురా? ఇక్కడ పని లేదా? నాకు వయసైపోయింది, దిమ్మ ఒక్కడినే మోయలేకపోతున్నాను. ఇల్లుంది, కొట్టముంది. నా తర్వాత ఎవరున్నారు?” ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఉన్న వెలుగు చూసి నేను నేల చూశాను.

బయటికి వచ్చాక అడిగాను. “పారే, ఇద్దర్నీ ఐసు దగ్గరికి ఎప్పుడు పిలుస్తున్నావు?”

“రేపు.”

మర్నాడు రేవుకి వెళ్లి చూశాను. గోనెసంచికి ఒక కొస నుల్ఫ్ పట్టుకున్నాడు. రెండో కొస సేబియో పట్టుకున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ మెట్లెక్కుతున్నారు. డియోనెల్ తన పడవ మీద కూర్చుని అటు చూడనట్టు చూస్తున్నాడు.

“ఎప్పుడు?” అన్నాను మళ్లీ.

“రేపు, పారే. ఇంకా వేడిగా ఉన్నారు.”

సాయంత్రం ప్రాక్టీసు చూడ్డానికి వెళ్లాను. జట్టు రెండుగా చీలింది. చిన్నవాళ్లు కొందరు డియోనెల్‌కే పాస్ ఇస్తున్నారు, కొందరు నుల్ఫ్‌కే. ఇద్దరి మధ్యనుంచి బంతి పోదు. ఒకడు పొరపాటున అటుది ఇటు ఇచ్చి, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. వెనకటి సేబియో అయితే ఆట అక్కడే ఆపేసేవాడు. ఈ సేబియో విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా చూశాడు. ప్రాక్టీసు అయిపోగానే, “పద డోంగ్, చేప పాడైపోతుంది,” అని నుల్ఫ్‌ని తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత రెండు రోజులకి గ్లెసిల్ వచ్చింది. నేను సేబియో వాకిట్లో కూర్చుని ఉన్నాను. నుల్ఫ్ రేవులో ఉన్నాడు. చేతిలో మడత పెట్టిన బట్టలు తెచ్చింది. గట్టు మీద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“నోంగ్, మా ఆయన ఇవి లేకుండా ఎన్నాళ్లుంటాడు? ఒకటే చొక్కా ఉతుక్కుని వేసుకుంటున్నాడని ఊరంతా చెప్పుకుంటున్నారు. అదీ నాకే అవమానం.”

“కూర్చో, ఇందాయ్,” అన్నాడు సేబియో, ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే మాటతో. “కాఫీ పెడతాను.”

“కాఫీ వద్దు. ఒక మాట అడుగుతాను, చెప్పండి. ఆయన గుట్టకి పోకుండా ఆపారు. మంచి పని చేశారు. మా డియోనెల్ నోటికి నేనే కారం పెట్టాను, వాడు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఎవరైనా మధ్యలో నిలబడితే వాడు వస్తాడు. మీరు అందర్నీ కలిపారు కదా. మా బాబాయిల్ని కలిపారు. మరి వీళ్లని ఎందుకు పిలవలేదు?”

“ఫైనల్ ఉంది కదా. దిండు మన వాడలోనే ఉండాలి.”

గ్లెసిల్ అతన్ని విచిత్రంగా చూసింది. “మా ఇల్లు కూడా మన వాడలోనే ఉంది కదా నోంగ్.”

సేబియో గట్టు మీది బట్టలు పక్కకి జరిపాడు.

“మీ ఇంట్లో ఉన్నా రేవు వాడకే ఆడతాడు, మా ఇంట్లో ఉన్నా రేవు వాడకే ఆడతాడు. మరి మా ఇంట్లో ఎందుకు లేడు?” ఆ పిల్ల గొంతు అప్పటికి తగ్గింది. “సెబూ పోతానంటున్నాడట. లేకపోతే మీ దగ్గరే ఉంటాడట. రెండిట్లో ఏదైనా నాకు ఒకటే నోంగ్. నా పక్కన ఉండడు, అంతే.”

బట్టలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. సేబియో గట్టు మీద ఆ బట్టల పక్కన కూర్చున్నాడు. ఒక చొక్కా మడత విప్పి మళ్లీ మడతపెట్టాడు. “రేపు పొద్దున్న రెండు పడవలు వస్తున్నాయి, పారే. చాలా దిమ్మలుంటాయి,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ పిలిచాడు. డియోనెల్ చేతులు కట్టుకుని వచ్చాడు. నుల్ఫ్ అప్పటికే గోనెసంచి ఒక కొస పట్టుకుని, రెండో కొసకి సేబియో వస్తాడని చూస్తున్నాడు. సేబియో ఆ కొస తీసి డియోనెల్ చేతిలో పెట్టాడు. నుల్ఫ్ మొహం మాడిపోయింది. సేబియో వెనకాల నడిచాడు, మాట్లాడలేదు. నేను సందు చివర ఉన్నాను.

ఇసుక దాటేదాకా ఏమీ లేదు. మెట్ల దగ్గర దిమ్మ ఒరిగింది.

“ఎడమకి,” అన్నాడు డియోనెల్.

“నీ ఎడమా, నా ఎడమా?”

“నాదే. ముందున్నది నేనేగా.”

“అవును, ఎప్పుడూ ముందు నువ్వే. మీ ఇంటి అన్నం తిన్న చేతులు ఇవి, జారితే నన్ననకు.”

డియోనెల్ రెండు మెట్లు ఎక్కాడు. “మైకు ఆన్‌లో ఉందని నాకు తెలుసా బావా?”

“లేకపోతే అనొచ్చా?”

నీళ్లు గోనెలోంచి కారి ఇద్దరి కాళ్ల మీదా పడుతున్నాయి. సందులోకి మళ్లారు. అక్కడ ఇద్దరూ ఒకే వైపు ఒంగాలి.

“లేకపోయినా అనకూడదు,” అన్నాడు డియోనెల్, వెనక్కి చూడకుండా. “తల వంచు, రేకు తగులుతుంది.”

నుల్ఫ్ తల వంచాడు. కొట్టంలో దిమ్మ దించాక ఇద్దరూ చేతులు చంకల్లో పెట్టుకుని వణికారు. సేబియో ఇంకో దిమ్మ చూపించాడు. తర్వాత ఇంకోటి. మూడోసారి వస్తున్నప్పుడు, పాస్ ఎందుకు ఇవ్వలేదో డియోనెల్ చెబుతున్నాడు. గుడి వాడ పొడుగోడు నీ వెనకాల కాచుకుని ఉన్నాడు, నువ్వు చూడలేదు అంటున్నాడు. నుల్ఫ్ అబద్ధం అంటున్నాడు. నాలుగోసారికి ఇద్దరూ ఆ పొడుగోణ్నే తిట్టుకుంటున్నారు. అప్పుడు నాకు అర్థమైంది, అయిపోయిందని. సేబియోకి నాకంటే ముందే అర్థమైంది. అతను కొట్టం గోడకి ఆనుకుని ఊక దులుపుకుంటున్నాడు, ఆ ఊక లేని చోట కూడా.

మధ్యాహ్నం డియోనెల్ సేబియో ఇంటికి వచ్చాడు. లోపలికి వెళ్లి, మూలనున్న పువ్వుల గలీబు దిండు తీసి, అందరికీ కనబడేలా రెండు చేతుల్లో పట్టుకుని వీధిలోకి నడిచాడు. నుల్ఫ్ చాప పట్టుకుని వెనకాల.

కొట్టు దగ్గరవాళ్లు వదల్లేదు. “ఏమయ్యా డియోనెల్, దిండు ఎవరిది?”

“మా బావది.”

“నువ్వెందుకు మోస్తున్నావు?”

“నోరు జారింది నేను కాబట్టి. నీకేమైనా బరువైందా?”

ఇన్నేళ్ల లీగులో దిళ్లు ఎన్నో చూశాను. నోరు జారినవాడే దిండు మోసుకుపోవడం అదే మొదలు. తర్వాత అది మా ఊళ్లో వాడుకైంది.

నేను సేబియో వాకిట్లోనే ఉన్నాను. వాళ్లు మలుపు తిరిగాక అతను లోపలికి వెళ్లి, పొయ్యి మీది కుండ మూత తీసి చూసి, బయటికి వచ్చాడు.

“చాలా వండాను, పారే. తిని పో.”

లీగు అయ్యేదాకా కమిషనరు ఏ కోచ్ ఇంట్లోనూ చెయ్యి కడగకూడదు. అది నేను కట్టిన నియమమే. మొదటి ఏడాదినుంచీ తప్పింది లేదు. నేను సమాధానం చెప్పేలోపే అతను చెయ్యూపాడు.

“అవునులే. ఫైనల్ కాలేదు కదా.”

ఫైనల్ చూడ్డానికి పక్క దీవులనుంచి కూడా జనం వచ్చారు. నుల్ఫ్, డియోనెల్ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. ఒకరికొకరు చూడకుండానే బంతి ఇచ్చుకున్నారు. అయినా గుట్ట వాడ ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి క్షణంలో నుల్ఫ్ చేతిలో బంతి ఉంది, తనే విసరొచ్చు. విసరకుండా డియోనెల్‌కి ఇచ్చాడు. డియోనెల్ విసిరాడు. బంతి రింగు అంచు మీద తిరిగి బయటికి పడింది.

నుల్ఫ్ ఏమంటాడా అని కోర్టంతా అతని వైపు చూసింది. మైకు పట్టుకున్నవాడు కూడా మైకు పక్కకి తిప్పాడు. నుల్ఫ్ వెళ్లి, కింద కూర్చుండిపోయిన బావమరిది చంకల్లో చేతులేసి లేపాడు.

“లేవరా, ఇంటికి పోదాం. మీ అక్క అన్నం వండి ఉంచింది, చల్లారిపోతుంది.”

గుట్ట వాడవాళ్లు కూడా నవ్వారు. నేను కప్పు ఇవ్వాల్సింది గుట్ట వాడకి, ఇచ్చాను. కానీ సేబియో సాధించినవాటిలో నేను మొదట చెప్పేది ఆ ఓడిన ఆట.

నుల్ఫ్ సెబూ పోలేదు. ఐసు పనిలోకీ రాలేదు. పండుగ రోజు వాళ్లింట్లో సేబియోని పంది పక్కనే కూర్చోబెట్టారు. కరకరలాడే చర్మం మొదటి ముక్క అతనికే కోసి పెట్టింది గ్లెసిల్. “నోంగ్, ఎప్పుడైనా రండి, ఈ ఇల్లు మీదే,” అంది. ఆ రోజు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అదే మాట అన్నారు. అతను అందరిళ్లలోనూ ఒక ముద్ద తిన్నాడు. ఎక్కడా ఎక్కువసేపు కూర్చోలేదు. మిగతా ఊరు ఆడి పాడుతుండగా, ఎండ తగ్గకముందే అతను ఒక్కడూ రేవు దారిలో పోవడం చూశాను.

మర్నాడు నేను కోర్టులో రంగు కాగితాలు తీయిస్తున్నాను. సేబియో వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒక తాడు పట్టుకుని లాగాడు, కాగితాలు రాలాయి.

“పారే, ఒకటి అడుగుతాను. లీగు రెండు నెలలు పెడితే ఎలా ఉంటుంది?”

“రెండు నెలలా? జట్లు ఎన్ని ఉన్నాయని?”

“నిదానంగా ఆడతారు. వారానికి ఒక ఆట. పట్నం కుర్రాళ్లు కూడా రావడానికి వీలుంటుంది. ఎవరికైనా చోటు లేకపోతే...” అక్కడ ఆపేశాడు.

అతను ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. కుదురుతుందని అనాలనే ఉంది. కానీ గుట్ట వాడ పొలాలు కోతకి వచ్చాయి. ఊళ్లో వడ్లు ఆరబోయడానికి ఈ సిమెంటు తప్ప వేరే చోటు లేదు. ఈ కోర్టు వేయించేటప్పుడు నేను ఆ హామీ ఇచ్చాకే రైతులు సంతకాలు పెట్టారు.

“వడ్లు పొయ్యాలి కదా పారే. రేపట్నుంచే,” అన్నాను.

“అవును కదా. వడ్లున్నాయి.” తల ఊపాడు. తాడు చుట్ట చుట్టి నా చేతికిచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. “ఎన్నాళ్లు ఆరతాయి?”

“ఎండని బట్టి.”

“తిరగెయ్యడానికి మనుషులు కావాలేమో.”

“కావాలి. రా,” అన్నాను.

మర్నాడు నేను కోర్టుకి వెళ్లేసరికి గుట్టనుంచి ఒక్క బస్తా కూడా దిగలేదు. రైతులు ఎండ ముదిరాకే వస్తారు. సేబియో అప్పటికే కోర్టంతా ఊడ్చేసి, చీపురు పక్కన పెట్టుకుని, బెంచీ చివర కూర్చుని గుట్ట దారి చూస్తున్నాడు.